నవంబరు అండమాన్ బ్యాచ్‌కి నేను బాకీ ఉన్న సంగతి

నవంబరులో నాతో అండమాన్ వచ్చిన 24 మందికీ, ఫిబ్రవరి బ్యాచ్‌కి అడ్వాన్సు కట్టి "ఏమండీ, ఈసారైనా పడవలు తిరుగుతాయా" అని ఫోన్లు చేస్తున్నవాళ్లకీ కలిపి ఇది రాస్తున్నాను. ఒక్కొక్కరికీ ఫోన్లో చెబితే ఒక్కో రకంగా వెళుతోంది. నేను ఒకటి చెబితే మా ఆఫీసు అబ్బాయి ఇంకోటి చెబుతున్నాడు. అందుకే రాతలో పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. ఐదో రోజు మధ్యాహ్నం హేవ్‌లాక్ దీవి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి మనం ఎక్కాల్సిన పడవ రద్దయింది. బంగాళాఖాతంలో అల్పపీడనం, గాలి, పెద్ద అలలు. ఆరో రోజు పొద్దున్నే చెన్నై మీదుగా వైజాగ్ విమానం. అది మనల్ని వదిలేసి వెళ్లిపోయింది. ఆ రోజు మధ్యాహ్నానికి సముద్రం కాస్త శాంతించి పడవలు మళ్లీ మొదలయ్యాయి. ఏడో రోజు కొత్త టికెట్లతో ఇంటికొచ్చాం. మనిషికి సుమారు 7,800 రూపాయలు అదనంగా పడింది. హేవ్‌లాక్‌లో అదనపు రాత్రి గదుల డబ్బు నేను కట్టాను. టికెట్లు మాత్రం మీతోనే కొనిపించాను. "ప్రకృతి వైపరీత్యాలకు మా బాధ్యత లేదు" అన్న నిబంధన ఒకటి మన ఫారంలో ఉంది కదా, ఆ రోజు దాన్ని చూపించాను.

ఇంటికొచ్చాక ఆ నిబంధన నాకే మింగుడు పడలేదు. గాలివాన నా చేతిలో లేదు, నిజమే. కానీ నవంబరు, డిసెంబరుల్లో అక్కడ పడవలు ఆగడం కొత్త సంగతి కాదు. 2016 డిసెంబరులో హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా టూరిస్టులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు పంపి తీసుకురావాల్సి వచ్చింది. ఈ వ్యాపారంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన విషయం ఇది. అందుకే ఈ నవంబరు ట్రిప్పుకి ముందటి ఏడాది వరకు నా ప్యాకేజీలో ఆరు రాత్రులు ఉండేవి. హేవ్‌లాక్ నుంచి తిరిగొచ్చాక ఒక రోజంతా పోర్ట్ బ్లెయిర్‌లో ఖాళీ. "ఏమీ చూపించని రోజుకి డబ్బెందుకు" అని కొందరు అడిగారు. పక్క వీధి ట్రావెల్స్ వాళ్లు 35 వేలకే తీసుకెళ్తామని బోర్డు పెట్టారు. నేను ఆ రాత్రి కోసేసి 34,999 అని వేశాను. సీట్లు రెండు వారాల్లో నిండాయి.

ఆ ఒక్క రాత్రి ఉంచి ఉంటే పడవ ఒక రోజు ఆలస్యమైనా అందరం పాత టికెట్లతోనే ఇంటికొచ్చేవాళ్లం. లెక్క అంతే. కాబట్టి కొత్త టికెట్లకు మీరు పెట్టిన డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తున్నాను. సగం జనవరి నెలాఖరుకి, మిగతా సగం మార్చి నెలాఖరుకి మీ ఖాతాల్లో పడుతుంది. మొత్తం లక్షా 87 వేలు పైచిలుకు. ఒకేసారి ఇచ్చే స్తోమత నాకు లేదు, దాచడానికేం లేదు. డబ్బు బదులు వచ్చే ట్రిప్పులో తగ్గింపు ఇవ్వమని మా అకౌంటెంటు సలహా ఇచ్చాడు. మళ్లీ నాతో రావాలో లేదో తేల్చుకోవాల్సింది మీరు, దానికీ బాకీకీ ముడి పెట్టను.

ఆ రాత్రి రిసార్టు వరండాలో ఒక పెద్దాయన నన్ను పిలిచి, "ఏమ్మా, గదిలో కూర్చుని వాన చూడ్డానికేనా ఇంత డబ్బు కట్టింది?" అన్నారు. అప్పుడు కోపమొచ్చింది, పొద్దుట్నుంచీ జెట్టీ దగ్గర తడిసి వచ్చాను మరి. ఆయన అడిగిన దాంట్లో తప్పులేదు. అదే జెట్టీ దగ్గర చిన్న హోటల్ నడిపే ఒకాయన, తాతల నాడే సిక్కోలు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, "ఏటమ్మా అంత టెన్షన్, సముద్రం కోపంగున్నాది గదా, రేపటికి సూద్దాం" అని మన 24 మందికీ పప్పుచారు, చేప వేపుడు వండి పెట్టాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగే. ఆ రాత్రి దాని విలువ తెలిసింది.

ఇక స్కూబా, అంటే గాలి సిలిండర్‌తో సముద్రం లోపలికి దిగే డైవింగ్. దీని మీదే ఎక్కువ ఫిర్యాదులు వచ్చాయి. 15 మంది పేర్లిచ్చారు, 9 మందే దిగారు. మిగిలిన ఆరుగురిలో నలుగురికి అలల వల్ల కుదరలేదు, వాళ్ల డబ్బు వెంటనే వెనక్కి వచ్చింది. ఇద్దరిని మాత్రం డైవింగ్ సెంటర్‌లో ఆరోగ్య ఫారం చూసి ఆపేశారు. ఒకరికి ఆస్తమా, ఇంకొకరికి గుండెలో స్టెంట్. డాక్టరు ఉత్తరం ఉంటేనే ఆలోచిస్తామన్నారు. వాళ్లు చేసింది సరైన పని. ఆ ఫారం గురించి బుకింగ్ రోజే నేను చెప్పకపోవడం సరైన పని కాదు. ఆ ఇద్దరి స్కూబా డబ్బు నేను ఇచ్చేశాను. ఇకనుంచి అడ్వాన్సు తీసుకునే ముందే ఫారం మీ చేతికొస్తుంది.

కొత్తగా వచ్చేవాళ్లకి ఇంకో మాట. ఈత రానివాళ్లని కూడా దింపుతారు, శిక్షకుడు మీ వెనకాలే సిలిండర్ పట్టుకుని ఉంటాడు. మొదటిసారి దిగేవాళ్లని 12 మీటర్లు దాటించరు. వీడియోల్లోలాగా చేపల్లా తిరిగేస్తామనుకుంటే నిరాశే. దిగుతుంటే చెవుల్లో ఒత్తిడి వస్తుంది. ముక్కు మూసుకుని గాలి నెట్టాలి. జలుబు ఉంటే అది కుదరదు, మానుకోండి. డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కాబట్టి "ఆఖరి రోజు పెట్టండి" అని దయచేసి అడగొద్దు.

"రిసార్టు ముందు సముద్రంలో నీళ్లే లేవు" అన్న ఫిర్యాదుకి నవ్వొచ్చింది కానీ అది నిజం. మనం దిగిన రిసార్టు విజయనగర్ బీచ్‌లో ఉంది, హేవ్‌లాక్‌కి తూర్పు వైపు. ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు, చచ్చిన పగడాలు బయటపడతాయి. ఫొటోల్లో మీరు చూసింది పోటు సమయంలో తీసినవి. ఆ ఫొటోలు రిసార్టు వాళ్లవి, నేనూ అవే వాడాను. ఇప్పుడు రెండు రకాల ఫొటోలూ పెట్టాను. స్నానాలకి రాధానగర్ బీచ్‌కే వెళ్లాలి. చలికాలంలో అక్కడ సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది, ఎందుకంటే అంత తూర్పున ఉన్నా గడియారం మనదే. తెల్లారేదీ తొందరే. పొద్దున ఎనిమిదింటికి లేద్దాం అనుకునేవాళ్లు సగం రోజు పోగొట్టుకున్నట్టే.

బారటాంగ్ దీవి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సున్నపురాయి గుహలు, మడ అడవుల మధ్య స్పీడ్ బోటు నాకూ ఇష్టమే. కానీ తెల్లవారుజామున మూడింటికి లేవాలి, పోనూ రానూ రోజంతా పడుతుంది, దారి జరావా ఆదివాసుల రిజర్వు అడవిలోంచి. వాహనాలన్నీ కాన్వాయ్‌గా పోవాలి, ఎక్కడా ఆగకూడదు, ఫొటో తీస్తే నేరం. మన వ్యాన్ డ్రైవరు ఒకడు "లక్కుంటే కనబడతారు, కెమెరా రెడీగా పెట్టుకోండి" అన్నాడని మీలో ఒకరు చెప్పారు. అతన్ని పనిలోంచి తీసేశాను. జరావాలు మనుషులు, మన ట్రిప్పులో చూడాల్సిన వస్తువుల జాబితాలో లేరు. ఫిబ్రవరి నుంచి బారటాంగ్ ఐచ్ఛికం. వద్దనుకున్నవాళ్లు ఆ రోజు రాస్ దీవికి వెళ్లొచ్చు, లేదా ఊరికే పడుకోవచ్చు.

మారిన ప్లాన్ ఇది. మొదటి రోజు దిగి సెల్యులార్ జైలు. రెండో రోజే హేవ్‌లాక్, అక్కడ మూడు రాత్రులు. డైవింగ్, ఎలిఫెంట్ బీచ్ మూడో రోజు. సముద్రం బాగాలేకపోతే నాలుగో రోజు చేతిలో ఉంటుంది. ఐదో రోజు పొద్దుటి పడవకే పోర్ట్ బ్లెయిర్. ఆరో రోజు బారటాంగ్ లేదా ఖాళీ. ఏడో రోజు విమానం. జైలు మాత్రం ప్లాన్ ఎన్నిసార్లు మారినా తీయను. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించి, 1952లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకి వెళ్లారు. వైజాగ్ నుంచి వచ్చినవాళ్లం ఆ గదుల ముందు అరగంట నిలబడకుండా షాపింగుకి పోతే బాగుండదు.

ధర 34,999 నుంచి 41,500 అయింది. ఎందుకో చెబుతాను. అదనపు రాత్రికి గది, భోజనం 2,700. గుంపుని 24 నుంచి 18కి తగ్గించినందుకు మనిషి మీద పడేది 2,300. వాతావరణం కోసం పక్కన పెట్టే నిధి 1,500. ఈ నిధి 18 మందికి కలిపి 27,000 అవుతుంది, ఇరుక్కుంటే ఒక రాత్రి ఖర్చులో సగానికి పైగా దీంతో గడుస్తుంది. వాడకపోతే ఇంటికొచ్చిన వారంలో మీకే తిరిగి ఇస్తాను. మిగిలిన ఒక్క రూపాయి, తక్కువగా కనబడాలని చివర్లో 999 రాసే ఆ అలవాటుది. అది మానేశాను.

అడ్వాన్సు కట్టిన 11 మందిలో ఈ ధర నచ్చనివాళ్లు ఈ నెల 20లోపు చెబితే పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాను. 35 వేలకి తీసుకెళ్లేవాళ్లు వేరే ఉన్నారు, వెళ్లండి, తప్పులేదు. ఆఖరి పడవకీ విమానానికీ మధ్య ఎన్ని గంటలు ఉంచారో మాత్రం అడగండి.

చిన్న విషయాలు రెండు. బీచ్‌లో ఏరిన గవ్వలు, పగడాల ముక్కలు బ్యాగులో పెట్టుకోవద్దు. ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు, పోయినసారి ఒకరి బ్యాగు మొత్తం విప్పించారు. కాశీ ట్రిప్పులాగా వంటమనిషిని తీసుకెళ్లలేను కాబట్టి పచ్చళ్లు తెచ్చుకుంటారని తెలుసు, తెచ్చుకోండి. సీసా మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, చెకిన్ బ్యాగులో వేయండి. నవంబరులో ఒకరి గోంగూర నూనె కారి ముగ్గురి చీరలు పాడయ్యాయి. ఆ డ్రైక్లీనింగ్ బిల్లు మాత్రం నా బాకీల్లో లేదు.