జయపురం రన్‌వే: తారు కంటే ముందు చివరలు

సంపాదకుడు గారికి,

ఒడిశాలోని జయపురం విమానాశ్రయానికి ఏటీఆర్ విమానాలు (సుమారు 70 సీట్ల పంకా విమానాలు) రావాలని కొరాపుట్, రాయగడ, నవరంగపూర్ జిల్లాల తెలుగువాళ్లం గట్టిగానే అడుగుతున్నాం. 2022లో చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కింద తొమ్మిది సీట్ల విమానం మొదలయ్యాక ఆశ ఇంకా పెరిగింది. కోరిక న్యాయమైనదే. కానీ అందరి నోటా వచ్చేది ఒక్కటే మాట: రన్‌వే పొడిగించండి. అంతకంటే ముందు చేయాల్సిన పనులున్నాయి. అవి మొదటి ప్లానులో పడకపోతే, తర్వాత వాటికి జాగా మిగలదు.

విమానానికి ఎంత పొడవు రన్‌వే కావాలన్నదాన్ని బట్టి కోడ్ నంబరు ఇస్తారు; ఏటీఆర్-72 కోడ్ 3 విమానం. కోడ్ 3 రన్‌వేకి రెండు చివరలా తారు అయిపోయాక 60 మీటర్ల స్ట్రిప్ (చదును చేసిన ఖాళీ నేల), ఆపైన రీసా అనే భద్రతా స్థలం (విమానం రన్‌వే దాటిపోతే ఆగడానికి వదిలే జాగా) ఉండాలి. రీసా కనీసం 90 మీటర్లు, సిఫారసు 240. అంటే 1,500 మీటర్ల రన్‌వేకి సిఫారసు ప్రకారం 2,100 మీటర్ల చదునైన నేల కావాలి. ఉన్న హద్దుల్లోనే తారు సాగదీస్తే మింగేది ఈ జాగానే. అప్పుడు వాడుకకు ప్రకటించే పొడవును తగ్గించాల్సి వస్తుంది, వేసిన తారు అక్కరకు రాదు. రీసాలో గట్టి కట్టడం ఏదీ ఉండకూడదు. దాన్ని దాటాక కూడా కాంక్రీటు దిమ్మెలు కట్టకపోవడమే మంచిది. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో రన్‌వే దాటిన విమానం అలాంటి కట్టడాన్నే ఢీకొని 179 మంది చనిపోయారు.

పొడవు లెక్కలోనూ తొందర తగదు. జయపురం సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి 300 మీటర్లకు 7 శాతం చొప్పున, కావాల్సిన రన్‌వే పొడవు ఎత్తుకే 14 శాతం పెరుగుతుంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. దాని మీద ఒక్కో డిగ్రీకి 1 శాతం. వేసవిలో 36 డిగ్రీలనుకుంటే ఇంకో 25 శాతం. రెండూ కలిసి 35 శాతం దాటితే ప్రత్యేక అధ్యయనం చేయాలని నిబంధనే చెబుతోంది. అది చేయించకుండా టెండరు పిలవకూడదు.

ఎవరూ ఎత్తని విషయం ట్యాక్సీవే, అంటే విమానాలు నిలిపే ఏప్రన్‌ను రన్‌వేతో కలిపే దారి. కోడ్ 2 దృశ్య రన్‌వేకి (పరికరాల సాయం లేకుండా పైలట్ చూసుకుని దిగేది) ఆగే గీత, అంటే రన్‌వే మీదికి వెళ్లేముందు విమానం ఆగాల్సిన గీత, రన్‌వే మధ్యరేఖ నుంచి 40 మీటర్ల దూరంలో ఉంటే చాలు, కోడ్ 3కి 75 కావాలి. గీత వెనక్కి జరిగితే, ఏప్రన్‌కు, రన్‌వేకు మధ్య ఏటీఆర్ నిలిచే చోటు ఉంటుందా? ఏప్రన్ నుంచి తిన్నగా రన్‌వే మీదికి తెరుచుకునే ట్యాక్సీవే కూడా మంచిది కాదు. పైలట్ పరాకులో గీత దాటేస్తాడు. ఒక మలుపు పెట్టాలి. సమాంతర ట్యాక్సీవేకు డబ్బు లేకపోతే కనీసం రెండు చివరలా టర్న్‌ప్యాడ్లు (విమానం వెనక్కి తిరగడానికి వెడల్పు చేసిన చోట్లు) వేయాలి. అవి లేకపోతే వెనక్కి తిరిగేటప్పుడు చక్రం అంచు దిగి తారు పగులుతుంది.

మన వానల సంగతి వేరే చెప్పాలా? గడ్డి, ఒండ్రు పేరుకుని అంచు మట్టి తారు కంటే ఎత్తు పెరుగుతుంది. నీళ్లు దిగవు. 0 నుంచి 6 దాకా ఉండే రన్‌వే స్థితి కొలమానంలో తడి 5. నీరు 3 మిల్లీమీటర్లు మించి నిలిస్తే 2. ఆ తేడాకు బ్రేకు దూరం ఎంతో పెరుగుతుంది. ఏటా వానలకు ముందే అంచు చెక్కాలి, పసుపు గీతలు వానలయ్యాక మళ్లీ వేయాలి. ప్రహరీ కింది తూములకు ఇనుప జాలీ పెట్టకపోతే పశువులు అటునుంచే వస్తాయి. 2014లో సూరత్‌లో విమానం గేదెను ఢీకొట్టిన సంగతి తెలిసిందే.

కాబట్టి మొదటి విడత డబ్బు చివరల భూసేకరణకు, చదునుకు, కాలువలకు, ప్రహరీకి వెళ్లాలి. రెండో విడత ట్యాక్సీవేకు, ఆ తర్వాతే రన్‌వే పొడిగింపుకు. లేఅవుట్ మ్యాపులో రీసా హద్దులు, ఆగే గీతల దూరాలు గుర్తించి కలెక్టరు కార్యాలయంలో ఒడియాలోనూ తెలుగులోనూ ప్రదర్శించాలని కోరుతున్నాం.

– విమానాశ్రయ సివిల్ పనుల్లో ఉన్న కొందరు ఇంజినీర్లు,
జయపురం, కొరాపుట్ జిల్లా