మాస్టారి చిత్తు పుస్తకాలు

గుంటూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ పొట్టీ,

ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ నువ్వు మధ్యలోనే "సరేలే, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీసుకున్నాను. పెన్ను పట్టుకుని ఇన్ని పేజీలు రాసి ఎన్నేళ్లయిందో, వేళ్లు అప్పుడే పీకుతున్నాయి. పూర్తిగా చదవకపోతే మాత్రం నీకు మామూలుగా ఉండదు.

మొన్న బ్రాడీపేట నుంచి మన ఫిజిక్స్ మాస్టారి భార్య ఫోన్ చేశారు. ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారట. "మీ మాస్టారి కాగితాలు ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి నాయనా. పాత పేపర్లవాడు కేజీల లెక్కన తీసుకుంటానంటున్నాడు. నువ్వొకసారి చూసి అక్కర్లేదంటే ఇచ్చేస్తాను" అన్నారు. ఆవిడ గొంతులో ఇచ్చేయడం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. స్కూటరేసుకుని వెళ్లాను.

ఆ పెట్టె మనకి తెలిసిందేరా. ట్యూషన్‌కి వెళ్లినప్పుడు నువ్వు దాని మీదే కూర్చునేవాడివి. మూత తీస్తే కర్పూరం బిళ్లల వాసన, అడుగున చెదలు. పైన కరెంటు బిల్లులు, ఎల్‌ఐసీ రసీదులు, పెళ్లి శుభలేఖలు. శుభలేఖల వెనక ఖాళీ ఉంటే చాలు, అక్కడ లెక్కలు. ఒక కిరాణా చీటీ మీద ఒక పక్క "కందిపప్పు 2 కేజీలు, వేరుశనగ నూనె", రెండో పక్క సోనోమీటరు (తీగ కంపనాలు కొలిచే పెట్టె) లెక్క. ఏది ముందు రాశారో తెలీదు. కింద తాళ్లతో కట్టిన చిత్తు పుస్తకాలు, ఇరవై పైనే. డెమాన్‌స్ట్రేటరుగా చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా చేసిన, చేయించిన ప్రయోగాలన్నీ అందులో ఉన్నాయి. ఆయన అచ్చు వేయించిన వ్యాసం ఒక్కటి కూడా లేదనుకో. ఒక పుస్తకం అట్టకి సూరి భగవంతం గారి ఫొటో కత్తిరించి అంటించుకున్నారు. ఆగిరిపల్లిలో పుట్టినవాడు సి.వి. రామన్ దగ్గర పనిచేసి వాల్తేరులో ఫిజిక్స్ ప్రొఫెసరయ్యాడని మాస్టారికి ఎంత గర్వమో గుర్తుందా? పక్కింటివాళ్ల అబ్బాయి గురించి చెప్పినట్టు చెప్పేవారు. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో పుట్టింది బెజవాడలోనే అని కూడా ఏడాదికి నాలుగుసార్లు చెప్పేవారు. బెజవాడ నుంచి రోజూ రైల్లో వచ్చే నువ్వు అది విని కాలరెగరేసేవాడివి.

సరే, అసలు సంగతికొస్తాను. ఆ పుస్తకాలు తిరగేస్తుంటే మిల్లికన్ గుర్తొచ్చాడు. నూనె చుక్కలతో ఎలక్ట్రాన్ ఆవేశం కొలిచిన అమెరికా శాస్త్రవేత్త. 1913లో ఆయన ఎలక్ట్రాన్ విద్యుదావేశం మీద వేసిన పేపర్లో 58 చుక్కల లెక్కలున్నాయి. ఇవి ఏరుకున్నవి కావు, వరసగా 60 రోజులు చూసిన చుక్కలన్నీ ఇవే అని అందులో రాసుకున్నాడు. ఆయన చిత్తు పుస్తకాలు ఇప్పుడు అమెరికాలో కాల్‌టెక్ అనే యూనివర్సిటీలో ఉన్నాయి, స్కాన్ చేసి నెట్‌లో కూడా పెట్టారు. మొన్న రాత్రి రెండింటిదాకా అవే చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ లేచి వచ్చి, ఈ వయసులో ఏం చూస్తున్నానోనని అనుమానంగా తొంగి చూసి, గొలుసుకట్టు రాతలో అంకెలు కనబడేసరికి నిరాశపడి వెళ్లిపోయింది.

అందులో ఉన్న చుక్కలు 58 కాదురా, నూటికి పైగా ఉన్నాయి. ఒక్కో పేజీకి ఒక్కో చుక్క. తేదీ, ఉష్ణోగ్రత, గాలి పీడనం, వోల్టులు, చుక్క కిందికి దిగడానికి పట్టిన సెకన్లు, కరెంటు పెట్టాక పైకి ఎక్కడానికి పట్టిన సెకన్లు. రెండు ఇత్తడి పళ్లాల మధ్య 16 మిల్లీమీటర్ల సందు, పై పళ్లెంలో సూది బెజ్జం, అందులోంచి జారిన నూనె తుంపరని దుర్భిణిలోంచి గంటలకొద్దీ చూడటం. చుక్క మీదున్న ఆవేశం ఎప్పుడు లెక్కేసినా ఒకే రూపాయికి ఇన్ని రెట్లు అని తేలుతుంది, మధ్యలో అర్ధా పావలా ఉండవు. ఇదంతా మాస్టారు చెబుతుంటే బోర్డు మీది సుద్దపొడే చుక్కలా కనిపించేది మనకి.

పేజీల అంచుల్లో మిల్లికన్ రాసుకున్న మాటలే చూడాలి. ఒకచోట అద్భుతం, దీన్ని అచ్చెయ్యాల్సిందే అని. ఇంకోచోట మరీ తక్కువొచ్చింది, ఏదో తేడా ఉంది అని. మరోచోట తప్పు ఎక్కువగా ఉంది, వాడను అని. చూస్తే ఎవరనుకుంటావు? రికార్డులు దిద్దుతూ గొణుక్కునే మన మాస్టారే! అప్పుడు మిల్లికన్‌కి టెన్షన్ కూడా తక్కువేం కాదు. వియన్నాలో ఎహ్రెన్‌హాఫ్ట్ అనే ఆయన ఎలక్ట్రాన్ కన్నా చిన్న ఆవేశాలు దొరికాయని గట్టిగా వాదిస్తున్నాడు. పావలాలున్నాయని ఒకడు బజార్లో అరుస్తుంటే, వంకర చుక్క ఒక్కటి అచ్చులో కనబడినా అవతలివాడు దాన్నే పట్టుకు లాగుతాడు కదా.

1978లో గెరాల్డ్ హోల్టన్ అనే చరిత్రకారుడు ఈ పుస్తకాలు తిరగేసి ఈ సంగతి బయటపెట్టాడు. అక్కణ్ణుంచి కొందరు మోసం అన్నారు. తర్వాత అలన్ ఫ్రాంక్లిన్ అనే ఆయన ఓపిగ్గా కూర్చుని, వదిలేసిన చుక్కల్ని కూడా కలిపి మళ్లీ లెక్కేస్తే జవాబు దాదాపు అదే వచ్చింది. నన్నడిగితే చుక్కల్ని వదిలెయ్యడం తప్పు కాదు. మొదట్లో యంత్రం కుదురుకునేదాకా వచ్చే రీడింగులు ఎవరైనా పక్కనపెడతారు. "అన్నీ ఇవే" అని రాశాడు చూడు, ఆ మాట మాత్రం అబద్ధం. ఎంత నోబెల్ వచ్చినా (1923లో వచ్చింది) దాన్ని సమర్థించలేను. కానీ ఇంకోటి కూడా ఉందిరా. ఆ పుస్తకాలు పారెయ్యకుండా దాచిపెట్టాడు కాబట్టే దొరికిపోయాడు. దాచిపెట్టాడు కాబట్టే ఫ్రాంక్లిన్ లాంటివాడొకడు వచ్చి ఆయన తరఫున లెక్క కట్టగలిగాడు. పాత పేపర్లవాడికి వేసేసి ఉంటే రెండూ జరిగేవి కావు.

అసలు తమాషా ఏంటంటే, ఎలక్ట్రాన్ ఆవేశానికి మిల్లికన్ చెప్పిన విలువ నిజంగానే కాస్త తక్కువ. పాత యూనిట్లలో 4.774 అన్నాడు, అసలుది 4.803. దానికి కారణం ఆ వదిలేసిన చుక్కలు కావు. గాలి స్నిగ్ధతకి (అంటే కదిలే చుక్కకి గాలి అడ్డుపడే జిడ్డుతనానికి) ఆయన తీసుకున్న అంకె కొంచెం తక్కువ, అది ప్రతి చుక్కలోనూ దూరింది. అచ్చేసినా, వదిలేసినా అన్నిట్లోనూ అదే తప్పు. 1930ల్లో ఎక్స్‌రేలతో కొలిచినవాళ్లకి తేడా రావడంతో గానీ అది బయటపడలేదు.

హార్వే ఫ్లెచర్ సంగతి ఇంకోటి. మిల్లికన్ షికాగోలో ప్రొఫెసరుగా ఉన్నప్పుడు ఈయన శిష్యుడు. మందుల షాపుకెళ్లి అత్తరు చల్లే పిచికారీ, వాచీ నూనె కొనుక్కొచ్చి మొదటి తుంపర కొట్టింది తనే అని రాసుకున్నాడు. పేపరు మీద మాత్రం మిల్లికన్ పేరొక్కటే. ఫ్లెచర్ ఆ సంగతంతా రాసి, నేను పోయాకే బయటపెట్టమన్నాడు. 1982లో అచ్చయింది. అన్నేళ్లు కడుపులో పెట్టుకున్నాడంటే చూడు. నేనైతే మర్నాడే కాలేజీ గేటు దగ్గర టీకొట్లో చెప్పేసేవాణ్ణి.

ఇప్పుడు నీ సంగతి. ఇందుకే కదా ఇంత ఉత్తరం.

పెట్టెలో మన బ్యాచ్ ప్రాక్టికల్ పరీక్ష పుస్తకం కూడా దొరికింది. పేర్లు లేవు, నంబర్లే. నీ నంబరు నాకు గుర్తే, నా ముందుదే కదా. మనిద్దరికీ ఆ రోజు లోలకమే పడింది, గుండు ఊపి గురుత్వ త్వరణం g లెక్కకట్టేది. పుస్తకంలో జవాబు 981. నీ నంబరు పక్కన మాస్టారి ఎర్ర సిరా: "981. మూడు పొడవులకీ 981. నమ్మను. వైవా బాగా చెప్పాడు." మార్కులు 17.

నా నంబరు పక్కన: "1087 వేసి కొట్టేసి 979 రాశాడు. కొట్టేసింది కనిపిస్తూనే ఉంది." మార్కులు 16. దాని కిందే పెన్సిల్‌తో చిన్నగా ఒక ముక్క: "ఒకటి అని మొదలెట్టి ఉంటాడు."

ఆ ముక్క చూసి అక్కడే నేల మీద చతికిలబడ్డానురా. గుండు ఊపి వాచీ నొక్కేటప్పుడు "సున్నా" అని మొదలెట్టాలి. నేను "ఒకటి" అన్నాను. ఇరవై ఊపులనుకున్నవి నిజానికి పందొమ్మిదే. మీటరు పొడవుకి నలభై సెకన్లు రావాల్సింది ముప్ఫై ఎనిమిది వచ్చింది. ఇరవైని పందొమ్మిదితో భాగించి వర్గం చేసి 981తో గుణించు, సరిగ్గా 1087. ఇంటికొచ్చాక కాలిక్యులేటర్‌తో చేసి చూశాను. నేను చేసిన ఆ ప్రయోగంలో నిజంగా ఏదైనా పట్టిచ్చే అంకె ఉందంటే అదే, దాన్నే కొట్టేశాను. మాస్టారు ఒక్క అంకె చూసి నా నోట్లోంచి ఏ మాట వచ్చిందో కూడా చెప్పారు. చెప్పారు గానీ నాకు చెప్పలేదు, చూశావా. పరీక్ష కదా, చెప్పకూడదనుకున్నారేమో.

నీకు 17, నాకు 16. ఈ ఒక్క మార్కు మీద నువ్వు ఎన్నేళ్లు ఎగిరావో గుర్తు చేసుకో.

పెట్టె మా ఇంట్లోనే ఉంది. రిక్షాలో వేయించి తెచ్చాను. అమ్మగారు గుమ్మం దాకా వచ్చి దాని మూత మీద చెయ్యి వేసి ఏమీ అనకుండా లోపలికెళ్లిపోయారు. మా ఆవిడ మాత్రం చెదలు మంచానికి పడతాయని రోజూ అంటోంది. పుస్తకాలు ఒక్కోటీ ఎండలో ఆరబెట్టి వేపాకు వేసి కడుతున్నాను. దసరాకి దుర్గమ్మ దర్శనానికి ఎలాగూ బెజవాడ వస్తావుగా, ఇటు దిగు. నీ పేజీ ఫొటో తీసి పంపించను, వచ్చి చూసుకో.

ఈలోగా ఒక్కదానికి జవాబు రాయి. ఆ రోజు నువ్వసలు గుండు ఊపావా?

నీ,
పదహారు మార్కులవాడు