వేడిని కారణంగా చూపి వారంటీ నిరాకరించిన సైకిలు టైరుపై ఫిర్యాదు

విజయనగరం

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: నిలిపి ఉంచిన కారులో పగిలిన 700×32సి కొలత సైకిలు టైరుకు వారంటీ నిరాకరణపై అభ్యంతరం.

అయ్యా,

మీ సంస్థ తయారుచేసిన 700×32సి టైర్ల జతను ఈ వేసవి మొదట్లో విజయనగరంలోని మీ అధీకృత డీలరు వద్ద కొన్నాను. వాటిని డీలరు షాపు మెకానిక్కే రిమ్ములకు ఎక్కించారు. ఆ జతలో వెనుక చక్రానికి వేసిన టైరు రోహిణి కార్తెలో, శ్రీకాకుళంలో నిలిపి ఉంచిన మా కారు లోపల పగిలిపోయింది. డీలరు ద్వారా ఆ టైరును మీకు పంపగా, మూసి ఉన్న వాహనంలో అధిక వేడికి గురికావడం వల్ల కలిగిన నష్టమనీ, ఇది తయారీ లోపం కాదనీ ఒకే వాక్యంలో రాసి, టైరును తిప్పి పంపారు. ఆ కారణం లెక్కకు నిలవదని, టైరు మీద కంటికి కనిపించే ఆనవాళ్లకు కూడా సరిపోదని, ఒకవేళ మీరు దాన్నే నమ్ముతున్నా మీ బాధ్యత తగ్గకపోగా పెరుగుతుందని తెలియజేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

జరిగినది ఇది. బంధువుల ఇంట పెళ్లికి కుటుంబంతో శ్రీకాకుళం వెళుతూ, మర్నాడు ఉదయం శాలిహుండం మీదుగా కళింగపట్నం తీరం దాకా తొక్కాలన్న ఉద్దేశంతో సైకిలును మా వెంట రెండో కారులో తీసుకువెళ్లాము. కారు వెనుక సీటు మడిచి, వెనుక చక్రం ముందు సీట్ల వైపు వచ్చేలా ఫ్రేమును పడుకోబెట్టి, గ్రీజు మరకలు అంటకుండా దాని మీద దుప్పటి కప్పాను. విప్పిన ముందు చక్రాన్ని ఆ దుప్పటి పైన, వెనుక అద్దానికి దగ్గరగా ఉంచాను. బయలుదేరే ముందు, తెల్లవారుజామున, గేజి ఉన్న పంపుతో రెండు టైర్లలోనూ 65 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) గాలి నింపాను. మీ టైరు పక్కగోడ మీద అచ్చు వేసిన పరిమితి 50 నుంచి 85 పీఎస్ఐ. అరసవల్లి వెళ్లే దారిలోని కల్యాణ మండపం ఆవరణలో కారు నిలిపి ఉండగా, మధ్యాహ్న భోజనాల వేళ లోపల పెద్ద శబ్దంతో టైరు పగిలింది. అక్కడి కాపలాదారు పరుగున వచ్చి పిలిస్తే వెళ్లి చూశాము. టైరు రిమ్ము నుంచి బయటికి వచ్చి ఉంది, ట్యూబు నిలువునా చీలిపోయి ఉంది, టైరును రిమ్ముకు పట్టి ఉంచే బీడు తీగ అంచులోంచి ఊడివచ్చి, దాని కొస డ్రైవరు సీటు వెనుక కవరును చీల్చి లోపలి స్పాంజిలో దిగబడి ఉంది.

ఇక మీరు చెప్పిన వేడి సంగతి. ఎండలో మూసి ఉంచిన కారు లోపలి గాలి 60 డిగ్రీలు దాటుతుందన్నది నేను కాదనను. ఆ వేడికి టైరులోని ఒత్తిడి ఎంత పెరుగుతుందన్నదే ప్రశ్న, దానికి ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివిన వాయు నియమం చాలు. మూసిన గాలి ఒత్తిడి దాని పరమ ఉష్ణోగ్రతకు, అంటే సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చే కెల్విన్ అంకెకు, అనులోమంగా పెరుగుతుంది. గేజి చూపే 65కు బయటి వాతావరణ పీడనం 14.7 కలిపితే 79.7 పీఎస్ఐ అవుతుంది. గాలి నింపినప్పటి 27 డిగ్రీల సెల్సియస్ అంటే 300 కెల్విన్. కారులో టైరు 67 డిగ్రీలకు, అంటే 340 కెల్విన్‌కు చేరిందనుకుంటే, ఆ 79.7 కాస్తా 90.3 అవుతుంది. అందులోంచి వాతావరణ పీడనం తీసివేస్తే గేజి మీద కనిపించేది సుమారు 76 మాత్రమే. నల్లని రబ్బరు నేరుగా ఎండ తగిలి 80 డిగ్రీలకు వేడెక్కిందని మీకు అనుకూలంగా లెక్క వేసినా అది సుమారు 79 మాత్రమే. మీరే అచ్చు వేసిన 85 పరిమితిని చేరాలంటే లోపలి గాలి సుమారు 102 డిగ్రీలకు, నీళ్లు మరిగే వేడిని మించి కాగాలి. ఏ కారులోనూ ఎండ వల్ల అంత వేడి పుట్టదు. వేడికి ట్యూబూ టైరూ కొంచెం సాగుతాయి కాబట్టి నిజమైన ఒత్తిడి ఈ లెక్కకన్నా కాస్త తక్కువే ఉంటుంది గాని ఎక్కువ ఉండదు. పైగా 85 అన్నది వాడకానికి మీరు హామీ ఇచ్చిన ఒత్తిడి, పగిలే ఒత్తిడి కాదు. రెండింటికీ నడుమ తగినంత ఎడం ఉండేలా టైరు తయారు చేయడం మీ వృత్తిధర్మం.

ఒత్తిడి మాట అటుంచి, వేడికి రబ్బరే దెబ్బతిన్నదని మీ ఉద్దేశమైతే అదీ పొసగదు. టైరు రబ్బరును అచ్చులో పెట్టి గట్టిపరిచేదే దాదాపు 140 నుంచి 170 డిగ్రీల వేడి దగ్గర. ఏళ్ల తరబడి ఎండకు రబ్బరు పెళుసుబారుతుందనడం నిజమే కాని, ఇది ఒక్క వేసవి కూడా పూర్తిగా చూడని టైరు. నడివేసవి మధ్యాహ్నం మా జిల్లాల తారు రోడ్డు 60 డిగ్రీలకు మించి కాలుతుంది, ఆ రోడ్డు మీద తొక్కడానికే మీరు వీటిని అమ్ముతున్నారు. శృంగవరపుకోట దాటాక అరకు ఘాట్ రోడ్డు మీద రిమ్ము బ్రేకులు పట్టుకుంటూ దిగేవారి రిమ్ములు చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కుతాయి. అలాంటి చోట నిలవాల్సిన టైరు, కదలకుండా, ఎవరి బరువూ మోయకుండా, దుప్పటి కింద పడుకుని ఉన్నప్పుడు పగిలిందంటే లోపం వేడిలో లేదు.

లోపం ఎక్కడుందో టైరే చూపిస్తోంది. ఒత్తిడి మితిమీరి టైరు రిమ్ము దాటి వచ్చినట్లయితే, సాధారణంగా బీడు తీగ టైరు అంచులోనే చెక్కుచెదరకుండా ఉంటుంది, ట్యూబు మాత్రం బయటికి ఉబ్బి పగులుతుంది. ఇక్కడ తీగ రెండు కొసలూ కలిసిన అతుకు దగ్గరే విడిపోయింది. ఆ చోట జానెడు పొడవున రబ్బరు తీగను వదిలేసి, నైలాను దారాలు బయటపడ్డాయి. ఆ దారాలు తెగినట్లు లేవు, అంటుకోవాల్సిన రబ్బరు వాటిని పట్టుకోనట్లు నున్నగా ఉన్నాయి. తయారీలో ఆ అతుకు సరిగా పడలేదనీ, దాని చుట్టూ రబ్బరు సరిగా అతకలేదనీ నేను గట్టిగా నమ్ముతున్నాను. మీ తనిఖీ అధికారి ఈ భాగాన్ని పరిశీలించి ఉంటే, జవాబులో దాని ప్రస్తావన ఒక్క ముక్కయినా ఉండేది.

దీనికి తోడు మరొక సాక్ష్యం ఉంది, దాన్ని ప్రత్యేకంగా గమనించమని కోరుతున్నాను. అదే జతలోని ముందు టైరు, అదే గాలితో, అదే కారులో, అంతసేపూ దుప్పటి పైన అద్దంలోంచి నేరుగా ఎండ పడే చోట ఉంది. ఎక్కువ వేడెక్కింది అదే. దానికి ఏమీ కాలేదు, ఈ రోజుకీ అదే టైరు మీద తొక్కుతున్నాను. నీడలో ఉన్నది పగిలి, ఎండలో ఉన్నది నిలిచినప్పుడు ఎండను దోషిగా నిలబెట్టడం ఏ పద్ధతి? పక్కగోడల మీది అంకెలను బట్టి ఈ రెండు టైర్లూ వేర్వేరు బ్యాచ్‌లవి. పగిలిన బ్యాచ్‌లోని మిగతా టైర్లు ఇప్పుడు ఎవరెవరి సైకిళ్లకు ఉన్నాయోనన్న ఆందోళన నాకుంది, నాకన్నా ముందు మీకు ఉండాలి.

ఇంత చెప్పినా, నిలిపిన కారులోని వేడికి మీ టైరు పగలడం సహజమేనని మీరు అంటే, ఆ మాట కొనేవారికి ముందే ఎందుకు చెప్పలేదు? టైరు పక్కగోడ మీద గాని, అట్టపెట్టె మీద గాని, వారంటీ కాగితంలో గాని కారులో ఉంచరాదని, ఉంచేముందు గాలి తగ్గించాలని ఒక్క అక్షరం లేదు. వారంటీ కాగితంలోని మినహాయింపుల్లో మేకులు, గాజుముక్కలు, ప్రమాదాలు, అరుగుదల ఉన్నాయి, వేడి లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత చెప్పుకునే నేల ఇది. ఇక్కడ దుకాణం తెరిచి సరుకు అమ్మే సంస్థకు ఈ ఎండ కొత్త సంగతి కాదు.

డబ్బు కన్నా నన్ను కలవరపెడుతున్నది మరొకటి. భోజనాలు ముగించుకుని అదే కారులో ఎక్కి బయలుదేరే వేళ అది. ఆ టైరు అప్పుడు కాక, మేము రణస్థలం, నాతవలస మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య వెళుతున్నప్పుడు డ్రైవరు వీపు వెనుక పగిలి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయంగా ఉంది. ఆ తీగ కొస దిగబడింది సీటులో కాబట్టి ఈ లేఖ ఒక టైరు గురించి రాయగలుగుతున్నాను.

కాబట్టి పగిలిన టైరుకు బదులు వేరే బ్యాచ్‌కు చెందిన కొత్త టైరును, ట్యూబు ఖరీదును, చిరిగిన సీటు బాగుచేయించడానికి అయిన ఖర్చును ఇప్పించాలని కోరుతున్నాను. టైరును మళ్లీ మీ ఖర్చుతో తెప్పించుకుని, బీడు తీగ అతుకును ప్రయోగశాలలో పరీక్షించి, నివేదిక ప్రతిని నాకు పంపాలి. ఆ బ్యాచ్ టైర్లను కూడా పరిశీలించి, లోపం తేలితే కొన్నవారందరికీ తెలియజేయాలి.

2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని 84వ సెక్షన్ ప్రకారం తయారీ లోపానికీ, తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడానికీ కూడా తయారీదారే బాధ్యుడు. అంటే టైరులో లోపం ఉన్నా, లోపం లేదు వేడే కారణమన్నా, సీటుకు జరిగిన నష్టానికి జవాబు చెప్పవలసింది మీరే. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా కారణాలతో కూడిన లిఖితపూర్వక సమాధానం రాకపోతే, ముందు 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసి, ఆపైన విజయనగరం జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయిస్తాను. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేసే వీలును 34వ సెక్షన్ కల్పిస్తోంది, అవసరమైతే వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. అందుకే పగిలిన టైరును, తీగను, ట్యూబును కడగకుండా, కత్తిరించకుండా, ఉన్నవి ఉన్నట్లు భద్రపరిచాను.

బిల్లు, వారంటీ కాగితం, మీ తిరస్కరణ లేఖ నకళ్లను, రెండు టైర్ల పక్కగోడల మీది బ్యాచ్ అంకెలు, విడిపోయిన అతుకు, చిరిగిన సీటు కనిపించే ఫొటోలను దీనికి జతపరుస్తున్నాను. నా పేరు, చిరునామా, ఫోను నంబరు బిల్లు నకలులో ఉన్నాయి.

ఇట్లు,
భవదీయుడు