తలకోన వాగులో సబ్బు నురగ

తలకోన జలపాతం దిగువన సందర్శకులు సబ్బులు, షాంపూలతో స్నానాలు చేయడం, మునిగేందుకు వీలుగా వాగులోని రాళ్లను పెకలించి అడ్డుకట్టలు పేర్చడం వల్ల రాళ్ల సందుల్లో బతికే లోచ్ జాతి చిరుచేపలకు నిలువ నీడ లేకుండా పోతోంది. మూతి చుట్టూ మీసాలున్న ఈ వేలెడంత చేప, గాలితిత్తి బాగా కుంచించుకుపోయి ఉండటం వల్ల పైకి తేలక, వడి నీటిలో రాతిని ఆనుకొని ఉండి పురుగుల లార్వాలను వెతుక్కుంటుంది. ప్రాణవాయువు నిండిన పారే నీరే దానికి ఆధారం. ఇటీవల నేను చూసినప్పుడు అడ్డుకట్ట వెనుక నీరు నిలిచి, గులకరాళ్లపై మెత్తని బురద పేరుకొని ఉంది, ఒక్క చేప కూడా కనిపించలేదు. జనం చేరని ఎగువన మాత్రం రాయి నీడలోంచి రెండు మూడు చేపలు చటుక్కున జారుకున్నాయి. ప్లాస్టిక్ సీసాలపై చూపుతున్న శ్రద్ధ (అది మెచ్చదగినదే) షాంపూ పొట్లాలపై ఎందుకు లేదో అర్థం కాదు. తలకోన ఉన్న శేషాచలం కొండలను 2010లో జీవావరణ రిజర్వుగా (బయోస్ఫియర్ రిజర్వ్) ప్రకటించారు కనుక, సబ్బులను టికెట్ కౌంటర్ వద్దే తీసి ఉంచాలి, స్నానాలకు వాగుకు దూరంగా కుళాయిలు పెట్టాలి, అడ్డుకట్టలను వారానికొకసారైనా విప్పించాలి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విద్యార్థులతో ఏటా వానల తరువాత ఈ వాగులోని చేపలను లెక్కింపజేయాలి.

— ఒక పాఠకుడు, తిరుపతి