వార్షిక నివేదిక: ఫిలడెల్ఫియా తెలుగు కుటుంబాల సర్వసభ్య సమావేశానికి

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది పంచాంగ శ్రవణం, బతుకమ్మ, వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. పులిహోర కలిపిన అక్కలకు, కుర్చీలు మోసిన కాలేజీ పిల్లలకు, అర్ధరాత్రి దాకా ఉండి హాలు ఊడ్చిన అన్నలకు పేరుపేరునా కృతజ్ఞతలు. హాలు అనుమతి మాత్రం అధికారులు ఉగాదికి మూడు రోజుల ముందు దాకా తేల్చలేదు. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుసు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది, ఫిబ్రవరిలో తెలుగు బడి పిల్లలను మదర్ బెతెల్ చర్చికి తీసుకెళ్లడం. సిక్స్త్, లాంబార్డ్ వీధుల మూల మీదుగా మనం ఎన్నిసార్లు పోయి ఉంటామో! ఆ చర్చి కింద, దాన్ని స్థాపించిన నల్లజాతి నాయకుడు రిచర్డ్ అలెన్ సమాధి ఉందని మనలో చాలామందికి తెలియదు.

అలెన్ 1760లో బానిసగా పుట్టారు. యజమానికి 2,000 డాలర్లు కట్టి విడుదల పొందడానికి కట్టెలు కొట్టారు, ఇటుక బట్టీలో పనిచేశారు, ఉప్పు బండి తోలారు. కట్టెలు కొట్టిన మొదటి రోజు చేతులు బొబ్బలెక్కి, గుప్పిట ముడవడానికీ విప్పడానికీ రాలేదని ఆయనే రాసుకున్నారు. ఆ మాట చెప్పగానే మా మూడో తరగతి పిల్లాడొకడు తన గుప్పిట ముడిచి, విప్పి చూసుకున్నాడు. నేనది మర్చిపోలేను.

తర్వాత ఈ ఊరొచ్చి పొగగొట్టాలు శుభ్రం చేయించే వ్యాపారం, చెప్పుల దుకాణం నడిపారు. తెల్లవాళ్ల చర్చిలో మోకాళ్ల మీద ప్రార్థన చేస్తున్న మిత్రుడు అబ్సలోమ్ జోన్స్‌ను పట్టి లేపబోతే, నల్లవాళ్లందరూ కలిసి బయటికొచ్చేశారు. అలెన్ ఒక పాత కమ్మరి కొట్టాన్ని కొని, గుర్రాలతో ఈ స్థలానికి లాగించి, 1794లో చర్చిగా మార్చారు. మరుసటి ఏడే 60 మంది పిల్లలకు బడి పెట్టారు. 1816లో స్వతంత్ర ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చికి మొదటి బిషప్ అయ్యారు.

నన్ను బాగా కదిలించింది మాత్రం 1787లో ఆయన, జోన్స్ పెట్టిన ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ. అదీ మనలాంటి సంఘమే. నెలకు ఒక షిల్లింగ్ చందా. ఆ డబ్బు కష్టంలో ఉన్న సభ్యులకు, వితంతువులకు, తండ్రి లేని పిల్లలకు. సరైన కారణం లేకుండా మూడు నెలలు కట్టకపోతే సభ్యత్వం పోతుంది. 1793లో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) ఊరిని ఊడ్చేస్తుంటే రోగులకు సేవ చేసింది, శవాలను మోసింది వీళ్లే. అలెన్‌కూ జ్వరం సోకింది. తర్వాత డబ్బు గుంజారని నింద వేస్తే, వచ్చినదానికంటే ఖర్చే ఎక్కువైందని లెక్కలు అచ్చువేసి చూపించారు.

మన జమాఖర్చుల పట్టిక కూడా ఈ నివేదికకు జతపరిచాం, ఆడిట్ అయింది. చందా బాకీలు చాలా ఉన్నాయి, దయచేసి ఈ రోజే చెల్లించండి.

ఇంకొక మాట బాధతో చెబుతున్నాను. ఆ యాత్రకు కార్లు తెస్తామన్న తొమ్మిది మందిలో వచ్చింది నలుగురే. చలిలో పిల్లలు గంటసేపు నిలబడ్డారు. రెండు ట్రిప్పులు వేసిన తల్లిదండ్రులకు, అంతసేపూ మా కోసం ఎదురుచూసి ఓపికగా అన్నీ చూపించిన చర్చివాళ్లకు ఎంత చెప్పినా తక్కువే.

వచ్చే ఫిబ్రవరికి మళ్లీ అడిగాం, రమ్మన్నారు. కార్ల జాబితా భోజనాల బల్ల దగ్గర పెట్టాం. తప్పకుండా రాగలిగినవాళ్లే పేర్లు రాయండి.

కార్యదర్శి