ఉచ్చా, బోనా, కెమెరానా? తేల్చి రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్నామధ్య మా ఊరి టీకొట్టు దగ్గర పేపరు పైకి చదువుతున్నాను. పులి జాడ కోసం అడవిలో ట్రాప్‌లు పెట్టారని వార్త. పక్కనే కూర్చున్న మేకలాయన గ్లాసు కింద పెట్టేసి, "అయితే రేపట్నుంచి జీవాల్ని అటు తోలొద్దా నాయనా? కాళ్లు ఇరుక్కుంటే ఎట్టా?" అని అడిగాడు. కిందిదాకా చదివితే గానీ తెలియలేదు, అవి కెమెరాలని. బాట పక్కన చెట్టుకు కట్టి వదిలేస్తే, ఎదురుగా నడిచిన జంతువు ఒంటి వేడిని, కదలికను పసిగట్టి ఫొటో తీసే పెట్టెలు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి ఆ ఫొటోలతోనే ఏది ఏదో గుర్తిస్తారు. 2018 పులుల గణనలో దేశమంతా 26,838 చోట్ల ఇలాంటివి పెట్టారు. వాటివల్ల మేకకు ఏమీ కాదు. ఆ సంగతి ఆయనకు నచ్చజెప్పడానికి నాకు ఇంకో టీ తాగేంత సేపు పట్టింది.

ఇంకో రోజు చిరుత ట్రాప్‌లో చిక్కిందని వస్తుంది. ఆ ట్రాప్ ఎవరు పెట్టింది? అటవీ శాఖ వాళ్లు పట్టి దూరంగా వదలడానికి పెట్టిన బోనా, అడవి పందుల కోసం ఎవరో చాటుగా వేసిన ఉచ్చా? ఒకటి ప్రాణం కాపాడే పని, రెండోది నేరం. ఒకే మాటతో రెండూ రాస్తే చదివేవాడు ఏమనుకోవాలి?

మనకు మాటలు లేక కాదు. మెడకో కాలికో పడి బిగుసుకునేది ఉచ్చు. లోపలికి వెళ్లగానే వెనక తలుపు పడేది బోను. మీద కమ్మేది వల. ఎరతో లాగేది గాలం. పేరు వింటే చాలు, అదేం చేస్తుందో కళ్లకు కడుతుంది. ఆ మాటకొస్తే ఇంగ్లీషు వాళ్లూ అన్నిటినీ ట్రాప్ అని సరిపెట్టుకోలేదు. ఉచ్చును వాళ్లు స్నేర్ అంటారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో వచ్చింది, వేట అంటే ఏమిటో చెప్పేచోట స్నేరింగ్, ట్రాపింగ్ అని రెంటినీ విడివిడిగా రాసింది.

ఉచ్చు అంటే ఏమిటో నేను దగ్గర్నుంచి చూశాను. రెండేళ్ల కిందట మా కుక్క రెండు రోజులు ఇంటికి రాలేదు. వెతికితే మొక్కజొన్న చేను కంచెలో, పందులు దూరే సందు దగ్గర దొరికింది. బండి క్లచ్ వైరు, మోకాలెత్తున వేలాడదీసి, రెండో కొస వేప మొద్దుకు చుట్టారు. కుక్క ముందుకు గుంజేకొద్దీ వైరు నడుము చుట్టూ బిగిసి చర్మంలోకి దిగిపోయింది. కటింగ్ ప్లేయరుతో తెంపుతుంటే అది నా చేతిని నాకుతూనే ఉంది. బతికింది గానీ వెనక కాలు ఇప్పటికీ ఈడుస్తుంది. పంది కోసం వేసిన ఆ ఉచ్చులో చిరుత పడినా, పులి పడినా ఇదే గతి. రాజకీయ వార్తల్లో ఫలానా నాయకుడి చుట్టూ ఉచ్చు బిగుస్తోందని రోజూ రాస్తున్నారు కదా. నిజంగా ఉచ్చు బిగిసిన చోట మాత్రం ఆ మాట ఎందుకు వదిలేస్తున్నారు?

వ్యవసాయం వాళ్లను చూడండి. పత్తిలో గులాబీరంగు పురుగు కోసం పెట్టేవాటిని లింగాకర్షక బుట్టలు అన్నారు. తెల్లదోమకు జిగురు అట్టలు. లద్దెపురుగు పంట మీదికి రాకుండా గట్ల వెంట వేసే ఆముదం ఎర పంట. ఇంగ్లీషులో ఈ మూడింటి పేర్లలోనూ ట్రాప్ ఉంది. అయినా మా రైతుల్లో బడి ముఖం చూడనివాళ్లకు కూడా ఏది బుట్టో ఏది అట్టో తెలుసు. మీ విలేకరులూ హనీ ట్రాప్‌ను వలపు వల అని ఎంత బాగా రాశారు! అప్పుల ఊబి అన్న మాటయితే డెట్ ట్రాప్ అనే ఇంగ్లీషు మాట కంటే లోతుగా తగులుతుంది. ఆ శ్రద్ధ అడవి వార్తల మీద కూడా పెట్టమని అడుగుతున్నాను.

మాది నల్లమల అంచు. పులి వార్త మాకు కాలక్షేపం కాదు, తెల్లారితే జీవాల్ని ఎటు తోలాలో దాన్నిబట్టి ఉంటుంది. కెమెరా అయితే కెమెరా అనే రాయండి, ఆ మాట అందరికీ తెలుసు. బోను అయితే ఏ ఊరి పొలిమేరలో పెట్టారో కూడా రాయండి, పిల్లలు అటు పోకుండా చూసుకుంటాం. ఉచ్చు అయితే ఉచ్చు అని శీర్షికలోనే వేయండి, వేసినవాడి ఊళ్లో కూడా మీ పేపరు చదువుతారు.

ఇట్లు,
ఒక రైతు,
ఆత్మకూరు ప్రాంతం, నంద్యాల జిల్లా