ఫొటో తీసే ముందు పిల్లల్ని అడుగుదాం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈమధ్య ఒక విద్యార్థిని నా గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "మేడమ్, ఆ ఫొటో తీసేస్తారా?" అని అడిగింది. ఏ ఫొటో అంటే చాలాసేపు చెప్పలేదు. ఎప్పుడో దాతలు ఇచ్చిన స్కూల్ బ్యాగులు పంచినప్పుడు తీసింది. బ్యాగు అందుకుంటూ నవ్వుతోంది. స్కూల్ పేజీలో పెట్టింది మేమే. "బాగానే ఉంది కదమ్మా" అనేశాను, ఆలోచించకుండా. "బాగానే ఉంది మేడమ్. కానీ అది చూస్తే మాకు డబ్బుల్లేవని అందరికీ తెలిసిపోతుంది కదా" అంది.

ఆ సాయంత్రమే తీసేయించాం. అయితే ఈలోపు అది ఎవరెవరి ఫోన్లలోకి వెళ్లిందో ఎలా చెప్పగలం? పెట్టే ముందు ఆ పాపనూ అడగలేదు, ఇంట్లోవాళ్లనూ అడగలేదు. ఆ తప్పు నాది. ఈ సంగతి మీకు రాయవచ్చా అని మాత్రం ఇద్దరినీ, తల్లినీ బిడ్డనూ, అడిగాను. ఏ తరగతో చెప్పకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

1936లో కాలిఫోర్నియాలో, బఠానీ చేల కూలీల శిబిరంలో, డొరోథియా లాంగ్ అనే ఫొటోగ్రాఫర్ ఒక తల్లిని ఫొటో తీశారు. భుజాల మీద వాలిపోయిన పిల్లలు, ఎటో చూస్తున్న 32 ఏళ్ల తల్లి. ఆ ఫొటోలు పేపర్లో వచ్చాక శిబిరానికి ఆహారం అందింది. మంచే జరిగింది. కానీ లాంగ్ ఆమె పేరైనా అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. అసలు ఆ ఫొటో తీయకపోయి ఉంటే బాగుండేదని ఆమె అన్నారు. పేదరికానికి గుర్తుగా తన ముఖం నలభై ఏళ్లు ఊరూరా తిరగడం ఎంత బరువో ఆమెకే తెలియాలి. మన పాప మాట విన్నాక నాకు ఆవిడే గుర్తొచ్చారు.

ఇకపై సాయం అందుకునే పిల్లల ఫొటోలు మన స్కూల్లో తీయం. దాతలు అడిగినా సరే, బ్యాగుల ఫొటో పంపుతాం, ముఖాలు పంపం. ఏడుస్తున్నప్పుడు, దెబ్బ తగిలినప్పుడు, స్టేజీ మీద మాటలు మర్చిపోయి నిలబడిపోయినప్పుడు కూడా అంతే.

మీ పిల్లల ఫొటో మీ ఇష్టం. పక్కనున్న పిల్లలు కూడా అందులో ఉంటే వాళ్ల ఇంట్లోవాళ్లను అడగండి, లేదా ముఖాలు కనపడకుండా చేసి పెట్టండి. యూనిఫామ్ బ్యాడ్జీ, బస్సు మీది రూటు నంబరు కనిపిస్తే పిల్లలు రోజూ ఎక్కడుంటారో కొత్తవాళ్లకు చెప్పినట్టే. ఇంకోటి చాలామందికి తెలియదు: కెమెరాకు లొకేషన్ అనుమతి ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫొటో ఫైల్‌లోనే నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోతాయి గానీ, డాక్యుమెంట్‌గా పంపితే ఫొటోతో పాటే వెళ్తాయి. కెమెరా సెట్టింగ్స్‌లో ఒకసారి చూసుకోండి.

చిన్నపిల్లలకేం తెలుస్తుంది అనే మాట మా స్టాఫ్ రూమ్‌లోనూ వచ్చింది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, 16వ అధికరణంలో పిల్లలకూ ప్రైవసీ హక్కు ఉందంటుంది. తమకు సంబంధించిన విషయాల్లో వాళ్ల మాట వినాలని 12వ అధికరణం చెబుతుంది. నా గదికి వచ్చిన పాపకైతే మా అందరికంటే బాగా తెలుసు.

ఈ లేఖతో పాటు అనుమతి పత్రం పంపుతున్నాం. వద్దు అని రాసినంత మాత్రాన ఏ పిల్లనూ, పిల్లవాణ్నీ ఆటల నుంచి, నాటకం నుంచి తప్పించం. మీ సంతకం కింద పిల్లల సంతకానికీ చోటుంది. పత్రం ముందుగా ఆ పాపకే చూపించాం. "తర్వాత మనసు మారితే?" అని అడిగింది. "ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అన్న చివరి వాక్యం అప్పుడు చేర్చిందే.

మీ
ప్రధానోపాధ్యాయురాలు